గండం తీయని చేప

ప్రతి ఇంట్లోనూ ఒక హంతకుణ్ణి పెంచుకోవాలి!

కుక్కను కాదు. కుక్క తోక ఊపుతుంది. తోక ఊపేవాళ్ళు మన చుట్టూ ఇప్పటికే ఎక్కువయ్యారు. పిల్లిని అంతకన్నా కాదు. నేను చెప్పేది చేప సంగతి. ఆఫ్రికాలో ఒక మహా సరస్సు ఉంది. దాని అడుగున, ఎండ సరిగా చేరని లోతులో, తనకన్నా చిన్నవాటిని మింగి బతికే చేప ఒకటి ఉంది. నుదుటి మీద బొప్పి. ఒంటి మీద నల్ల చారలు. సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరు లిన్‌బియెన్‌లో దాన్ని ‘ఆరుచారల కిరీటం’ అంటారు. మా ముందుగదిలో గోడ పొడవునా ఉన్న గాజుతొట్టిలో ఒకటి కాపురముంటోంది. మీ ఇంట్లో లేకపోతే ఈ పూటే తెచ్చుకోండి.

ఎందుకంటారా? చెబుతాను.

మొదటి లాభం, చుట్టాలు ఎక్కువసేపు కూర్చోరు. ఈ చేప ఈదదు. నీళ్ళ మధ్య ఉన్నచోటే ఆగి చూస్తుంది. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దత్తలా పైనుంచి కిందికి చూస్తుంది. మొన్న ఇన్సూరెన్స్ ఏజెంటు ఒకడొచ్చాడు. జీవితం క్షణికం అని మొదలుపెట్టాడు. అదే క్షణంలో నా చేప, మేతకు వేసిన ఒక చిన్నచేపను నోట్లోకి లాగేసింది. వాడు టీ సగం వదిలేసి లేచిపోయాడు. ఊరి పెద్ద పదవికి పోటీ చేస్తున్నాయన ఓట్లడగడానికి వచ్చి, మా దగ్గర ఓటర్లకు పంచే టిష్యూ కాగితాల పొట్లం తొట్టి మీద పెట్టి, చేపకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నాయకుణ్ణి నాయకుడు గుర్తుపట్టడని ఎవరన్నారు?

రెండో లాభం, ఇంట్లో నిశ్శబ్దం. లోతు నీళ్ళలో పుట్టినది కాబట్టి దానికి వెలుతురు గిట్టదు, చప్పుడు గిట్టదు. టీవీలో వార్తలవాడు అరిస్తే బండ వెనక్కి పోయి ముఖం తిప్పుకుంటుంది. కాబట్టి టీవీ కట్టేస్తాను. దేశంలో ఏం జరుగుతోందో తెలియక నా ఆరోగ్యం ఎంత బాగుపడిందో!

మూడో లాభం, నిజాయితీ. సందె చీకటి పడుతుండగా, చిన్నచేపలు నిద్రకు తూగే వేళ చూసి, మెల్లగా దగ్గరికి పోయి మింగుతుంది. అంతే. మింగాక ఉపన్యాసం ఇవ్వదు. మీ మంచికే మింగానని అనదు. మా ఊరి సంఘాల అధ్యక్షులందరినీ దీని దగ్గర శిష్యరికానికి పెట్టాలి.

ఇన్ని లాభాలున్న చేపలో మా ఊరికి కనిపించిన లోపం ఒక్కటే. అది చావదు!

చావకపోవడం లోపమా అని మీరు అడగవచ్చు. మా దగ్గర లోపమే. మేం తొట్టిలో చేపలను పెంచేది చూసి మురవడానికి కాదు, అవి చావడానికి. ఇంటి మీదికి ఏదో గండం వస్తూ ఉంటుంది. ఇంటి చేప దానికి అడ్డం పడి చస్తుంది. గండం తీరిపోతుంది. చేప చచ్చిన ఇంటివాళ్ళను మేం పరామర్శించం, అభినందిస్తాం.

మా అన్న భార్య సోలియన్ వదిన ఈ శాస్త్రంలో ఆరితేరినది. ఆవిడ గోల్డ్‌ఫిష్‌లను పెంచుతుంది. అంటే కుళాయి నీళ్ళు నేరుగా పోస్తుంది, గుప్పెళ్ళతో మేత వేస్తుంది, అవి తేలుతాయి. తేలిన ప్రతిదానికీ ఒక గండం వెతికి జతచేస్తుంది. మా అన్న స్కూటర్ బురదలో జారి కూడా పడలేదా? అది తోకతెల్లది తీసుకున్న గండం. మనవడు పరీక్ష తప్పాడా? ఉబ్బుకళ్ళది చావకపోతే ఇంకా ఘోరంగా తప్పేవాడు. ఏ గండమూ కనిపించలేదా? చూశారా, ఎంత శుభ్రంగా తీసేసిందో! ఆ ఇంట్లో చేపలు సరిహద్దులో సైనికుల్లా రాలిపోతుంటాయి. ఆ ఇంటివాళ్ళంతా దుక్కల్లా ఉన్నారు. వాదించడం నా తరం కాదు.

నా భార్య కిమ్‌కీ కూడా ఆ ఉద్దేశంతోనే చేప కొనడానికి వెళ్ళింది. ఊళ్ళో అందరి ఇళ్ళలో ఉండే ఎర్రటి బొప్పిచేపను తేవాలని బయలుదేరింది. చేపల కొట్టు ఆ-పిన్ ఆవిడకు వేలంత పొడవున్న ఈ చారలదాన్ని చూపించి, “అత్తా, దీనికీ బొప్పి వస్తుంది, కాస్త ఓపిక పట్టాలి” అన్నాడు. ఆవిడ వంగి చూసిందట. “దీని మొహం అచ్చం మా ఆయన మొహంలా ఉందిరా. ఎవరితోనూ మాట్లాడదా?” అని అడిగిందట. మాట్లాడదన్నాడు. తెచ్చేసుకుంది.

ఇది ఇరవై ముప్ఫై ఏళ్ళు బతికే జాతి అని ఆవిడ అడగలేదు, వాడు చెప్పలేదు. బలికని కొన్న మేక మనకన్నా ఎక్కువకాలం బతికే రకమైతే ఏం చేస్తాం? మేపుతాం.

కిమ్‌కీ మేపింది. అది ఒంటరిగా ఉందని తోడుగా చిన్నచేపలను తెచ్చి వదిలింది. రెండోనాటికి అవి లేవు.

“సిగ్గుపడి బండ కింద దాక్కున్నాయేమో” అంది.

“దాక్కున్నాయి. బండ కింద కాదు” అన్నాను.

తడితువ్వాలుతో నన్ను కొట్టింది. మళ్ళీ తెచ్చి వదిలింది. మళ్ళీ అవి సిగ్గుపడ్డాయి. ఆ తరువాత తోడు ఆలోచన మానుకుని, తీరిక దొరికినప్పుడల్లా తనే తొట్టి ముందు పీట వేసుకుని కూర్చునేది. చేప ఆవిడ చేతిలోంచి రొయ్య తీసుకునేది. నా చేతిలోంచి తీసుకునేది కాదు. మొహాలు కలిసినంత మాత్రాన మనసులు కలవవు.

పోయిన ఏడాది కిమ్‌కీ జబ్బుపడి పోయింది. చేప పోలేదు.

ఇంటి ముందు రోడ్డు మీద గుడారం వేశాం. ఆడవాళ్ళందరూ బల్ల చుట్టూ కూర్చుని, చనిపోయినవాళ్ళకోసం కాల్చే కాగితపు తామరలు మడుస్తున్నారు. తలుపు తీసే ఉంది, లోపల తొట్టి కనిపిస్తోంది. సోలియన్ వదిన తామర రేకులు విప్పుతూ అటు చూసింది.

“చూడండి, ఎలా బలిసిందో! ఒక్క పొలుసు రాలలేదు. సిగ్గున్న చేపైతే ఎప్పుడో తేలేది. అది తేలుంటే మా కిమ్‌కీ ఉండేది.”

“మేత వేసింది ఆవిడేగా! ఉప్పు తిన్న ఇల్లు కూడా గుర్తులేదు దానికి” అంది ఇంకొకామె.

అందరూ తలలూపారు. కిమ్‌కీ మంచిదని గాని, ఇలా జరగవలసింది కాదని గాని ఆ బల్ల దగ్గర ఎవరూ అనలేదు. డాక్టర్లది తప్పు కాదన్నారు, దేవుళ్ళది తప్పు కాదన్నారు. చేప మీద తేలింది కేసు. నేను ఆ తామరలను ఒక్కొక్కటే ఇనప డ్రమ్ములో వేసి కాల్చాను. మంట బాగా వచ్చింది.

ఇక అప్పట్నుంచి మా ఊరికి ఒక్కటే పట్టుదల. సంవత్సరీకం లోపల ఆ చేపను ఇంట్లోంచి పంపించేసి, చావడానికి సిద్ధంగా ఉండే ఎర్రచేపను పెట్టాలి. లేకపోతే తరువాతి వంతు నాది. నాకేమో ఆ చేపను ఎవరికీ ఇచ్చే ఉద్దేశం లేదు. యుద్ధం అంటే ఇదే!

వదిన వాస్తు పండితుడు ఊ గారిని తీసుకొచ్చింది. ఆయన దిక్సూచి పెట్టి తొట్టిని కొలిచాడు, నన్ను కొలిచాడు, తరువాత చేప చారలు లెక్కపెట్టాడు.

“ఏడు” అన్నాడు. మా దగ్గర పోయినవాళ్ళకు ఏడు రోజులకొకసారి కర్మ చేస్తారు. ఇంట్లో ఆ అంకె ఎవరికీ నచ్చదు.

“ఆరు” అన్నాను.

“కంటి మీదుగా పోయేది?”

“అది కనుబొమ్మ.”

“చేపకు కనుబొమ్మలేమిటయ్యా?”

“గండాలు మోసే చేపకు కనుబొమ్మలు బరువా పండితుడుగారూ?”

వదిన నా మోచెయ్యి గిల్లింది. నేను ఊరుకోకుండా శాస్త్ర సందేహం ఒకటి అడిగాను. ఈ చేప ఇంతవరకూ ఎన్నో చేపలను మింగింది కదా, అవన్నీ మా ఇంటి చేపలే కదా, చచ్చిన ప్రతి చేపా ఒక గండం తీసుకుంటే మా ఇంట్లోవాళ్ళు చిరంజీవులు కావాలి కదా?

ఆయన కళ్ళు మూసుకుని, “చేప తిన్న చేప లెక్కలోకి రాదు. అది తన గండంతో తాను పోయినట్టు” అన్నాడు. ఎంత చక్కని శాస్త్రం! ఎటు తిప్పినా గండం మనదే.

మాకు చెత్తబండి పాట వినిపించగానే ఊరంతా సంచులు పట్టుకుని రోడ్డు మీదికి వస్తుంది. మా పార్లమెంటు అదే. వక్కల కొట్టు ఆ-హువా నన్ను చూడగానే మొదలుపెట్టేది.

“ఏం బాబాయ్, ఇంకా బతికే ఉన్నాడా?”

“ఎవరు, చేపా నేనా?”

“ఎవరో ఒకరు పోవాలిగా!”

“నోరు ముయ్యవే, సందెపూట ఆ మాటలేంటి!” అని వదిన కసిరేది. కసిరి, నా వైపు తిరిగి, “చూశావా మరిదీ, చిన్నపిల్లకు కూడా తెలుసు” అనేది.

ఇంతలో తుఫాను వచ్చింది.

మా ఊరు ఏటా కాస్త కిందికి దిగుతుంది. చేపల చెరువులకోసం భూమిలోని నీళ్ళన్నీ తోడేశాం. ఇప్పుడు చెరువుల్లో చేపలు మాకన్నా ఎత్తులో ఉంటాయి. వరదొస్తే అవి గట్టు మీదనుంచి మమ్మల్ని చూస్తాయి. ఆ పొద్దున ముందుగదిలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. కరెంటు పోయింది. తొట్టిలో గాలిబుడగలు ఆగిపోయాయి.

మధ్యాహ్నానికి చేప పైకి వచ్చింది.

ఎప్పుడూ అడుగు విడవని చేప అది. నీళ్ళ పైపొరకు నోరానించి, తెరుస్తూ మూస్తూ ఉంది. ఆ-పిన్‌కు ఫోన్ చేశాను.

“బ్యాటరీ పంపులన్నీ అయిపోయాయి బాబాయ్. చెంబుతో నీళ్ళు తీసి, ఎత్తునుంచి మళ్ళీ తొట్టిలోకే పొయ్యి. అలా పోస్తూనే ఉండు. లేదంటే మీ అన్నగారింట్లో జనరేటర్ ఉందిగా!”

ఉంది. వాళ్ళు అమ్మకానికి గ్రూపర్ చేపలు పెంచే చెరువులకు రెండు జనరేటర్లున్నాయి, ఒకటి ఊరికే ఉంటుంది. ఈదుకుంటూ వెళ్ళినంత పని చేసి వెళ్ళాను. చెరువు మధ్యలో నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు తిరుగుతూ చిమ్ముతున్నాయి. గ్రూపర్ చేపలు హాయిగా ఊపిరి పీలుస్తున్నాయి. పెళ్ళివిందులో పళ్ళెంలోకి ఎక్కేదాకా వాటికి ఏ లోటూ రాకూడదు. వదిన రెయిన్‌కోటు వేసుకుని గట్టు మీద నిలబడి ఉంది.

“వదినా, ఖాళీగా ఉన్న జనరేటర్ ఇవ్వు. చేప పైకి తేలుతోంది.”

ఆవిడ మొహం వెలిగిపోయింది. “తేలుతోందా! నిజంగా!” సముద్రపు అమ్మవారి గుడి వైపు తిరిగి చేతులు జోడించింది. “తల్లీ, ఇన్నాళ్ళకు దానికి బుద్ధి పుట్టించావా! పోనీ మరిదీ, పోనీ. నీ గండం తీసుకుంటోంది. అడ్డుపడకు.”

“జనరేటర్ ఇవ్వు.”

“ఇవ్వను. దానికి ఊపిరి పోశావంటే ఆ గండం తిరిగి నీమీదే పడుతుంది. అర్థం కాదా నీకు?”

“నాకు అర్థమయ్యేది నాకు తెలుసు. ఇవ్వు.”

“చంపినా ఇవ్వను! కిమ్‌కీని పంపించాం. నిన్ను కూడా నా చేత్తో పంపించమంటావా?”

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. వాన నీళ్ళే అనుకుంటాను. మా అన్న గట్టు అవతల నిలబడి గడ్డం గోక్కుంటున్నాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన అభిప్రాయం అదే.

గమనించారా? తినడానికి పెంచేదానికి గాలి ఉంది. ప్రాణమిస్తుందని నమ్మేదానికి మాత్రం గాలి పొయ్యకూడదు. ఈ న్యాయం కనిపెట్టినవాడికి గుడి కట్టాలి!

ఇంటికొచ్చాను. కిమ్‌కీ పీట నీళ్ళలో తేలుతూ ఉంటే పట్టుకుని, తొట్టి ముందు అదిమిపెట్టి, ఎక్కి నిలబడ్డాను. చెంబు ముంచడం, చెయ్యి ఎత్తడం, పొయ్యడం. ముంచడం, ఎత్తడం, పొయ్యడం. బట్టలు తడిసినవి తడిసినట్టే ఉన్నాయి. కాళ్ళు మొద్దుబారాయి. చేప నా చెంబు కిందికి వచ్చి, నీళ్ళు పడేచోట నోరు పెట్టి నిలబడింది. అదీ నా మొహం వైపు చూసింది. నేనూ దాని మొహం వైపు చూశాను. కిమ్‌కీ అన్నది నిజమే. పోలిక ఉంది.

కిటికీలోంచి ఆ-హువా తల పెట్టింది. తన కొట్టు సామాను ఎత్తులో పెట్టడానికి పోతోందట.

“బాబాయ్, ఏం చేస్తున్నావ్?”

“అభిషేకం.”

“పిచ్చి ముదిరింది నీకు. నువ్వు పోతే ఆ చేపను ఎవరు చూస్తారనుకున్నావ్?”

“నువ్వు చూడు.”

“నేనా! ఇగురు పెట్టుకుంటా” అంది. అని, సంచిలోంచి నాలుగు వక్కలు తీసి నా నోట్లో పెట్టింది. నమిలితే ఒంట్లో వేడి పుడుతుందంది. పుట్టింది.

దీపాలు పెట్టే వేళకు కరెంటు వచ్చింది. బుడగలు లేచాయి. చేప మెల్లగా అడుగుకు దిగి, బండ పక్కన తన చోట్లో నిలబడి, నాకు వీపు చూపించింది. కృతజ్ఞత చెప్పలేదు. అందుకే అదంటే నాకు గౌరవం.

రెండు రోజులకు నాకు జ్వరం కాసింది. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందన్నారు. ఆస్పత్రిలో పడుకోబెట్టారు.

సోలియన్ వదిన క్యారేజీతో వచ్చింది. మా దగ్గర రోగులకు ఇచ్చే అల్లం వేసిన చేపరసం. మూత తీస్తూనే మొదలుపెట్టింది.

“చెప్పానా! చెప్పానా లేదా! అది తీసుకోవలసింది నువ్వు ఆపావు. ఇప్పుడు నీమీద పడింది.”

“నామీద పడలేదు. నేనే తీసుకున్నాను.”

“ఏంటి తీసుకుంది?”

“దాని గండం.”

గరిటె గాల్లోనే ఆగింది. “చేప గండం మనిషి తీసుకోవడమేంటి?”

“మనిషి గండం చేప తీసుకుంటుంటే లేదా?”

ఆవిడ క్యారేజీ నా ఒళ్ళో పెట్టి, వరండాలోకి పోయి ఊ గారికి ఫోన్ చేసింది. తలుపు సందులోంచి అంతా వినిపించింది. ఆయన, “గ్రంథాల్లో ఇలాంటి కేసు లేదు, మా గురువుగారిని అడిగి చెబుతాను” అన్నాడు. ఆయన గురువుగారు పోయి చాలా కాలమైంది. జవాబు రావడానికి సమయం పడుతుంది.

వదిన తిరిగొచ్చి మంచం పట్టీ మీద కూర్చుంది. ఈసారి గొంతు చిన్నదైంది.

“అయితే మనిషి కూడా తీసుకోవచ్చన్నమాట.”

“ఏమో. ఎవర్నీ అడగలేదు. తీసుకున్నాను.”

“ఆ సంగతి అప్పుడే తెలిసుంటే...” అని ఆగింది. రసంలో అల్లం ముక్కలు ఏరి పక్కన పెట్టింది. “కిమ్‌కీ గండం నేను అడిగి తీసుకునేదాన్ని.”

కిమ్‌కీ పోయినప్పటినుంచీ ఆ పేరు వెంట చేప మాట రాకుండా ఆవిడ నోట వినడం అదే మొదటిసారి.

“నువ్వు వరసలో నా వెనక నిలబడాల్సి వచ్చేది వదినా” అన్నాను.

ఆవిడ క్యారేజీని నా వైపు జరిపింది. సంవత్సరీకానికి ఎర్రచేపను తెస్తానని మాత్రం అనలేదు. నేను క్షమించానని మీరు అనుకోవద్దు. రసం బాగుంది, తాగాను.

కాబట్టి చదువరులారా, గోల్డ్‌ఫిష్‌లను మాత్రం కొనకండి. మీరు చెయ్యి కడుక్కుని వచ్చేలోగా అవి మీకోసం చచ్చిపోతాయి. మీరు చేయడానికేమీ మిగల్చవు. నా భార్య మంచం పక్కన ఆస్పత్రివాళ్ళు నాకు కుర్చీ వేసి కూర్చోమన్నారు. అన్నాళ్ళూ చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఈ చేప దగ్గర నాకు ఒక చెంబు దొరికింది.